నర్సీపట్నము - రెండు కటకములు

రైలుదారిలో నర్సీపట్నము రోడ్డు అను పలకను చూచి, ఊరు వచ్చినదని మూటముల్లెలతో దిగెడి క్రొత్తవారు కొందఱుందురు. ఆ స్టేషనునకును మా యూరికిని చాల దూరము. తునిలో దిగి బస్సెక్కుటయే ఇచటి వాడుక. మా యూరు చూడ రాదలచిన సోదరీమణులు శ్రమ పడకుండుటకై ఈ మాట ముందుగా వ్రాయుచున్నాను.

ఊరు తూర్పుకనుమల పాదమున నున్నది. ఏ వీధి చివర నిలిచి పడమరకు చూచినను కొండలే కానవచ్చును. వానకాలమున నవి నల్లగా, చలికాలపుటుదయమున పాలలో ముంచినట్లు తెల్లగా, వేసవిలో పొగచూరినట్లు మసకగా నుండును. మన్నెమునకు మా యూరే వాకిలి. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలను విడదీసినపుడు మేము అనకాపల్లి జిల్లాలోను, కొండమీది లంబసింగి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోను పడితిమి. కాగితముపై జిల్లాలు రెండైనను, పసుపు, మిరియములు, అడ్డాకులు దించు బండ్లును, ఉప్పు, బట్ట ఎక్కించుకొని పోవు బండ్లును మునుపటివలెనే మా బజారునుండియే సాగుచున్నవి.

ఈ చలికాలమున మేము చుట్టుప్రక్కల చేసిన చిన్న ప్రయాణములకు కారణము విహారము గాదు. కెమెరా కటకములు రెండింటిలో నొకదానిని ఏరుకొనవలసి వచ్చుటయే కారణము. మా మరిది విశాఖపట్టణమున ఉద్యోగి. తన పాత కెమెరాను రెండేండ్ల క్రిందటనే అన్నగారికిచ్చి యుండెను. దసరాకు వచ్చినపుడు సంచిలోనుండి రెండు నికాన్ కటకములను తీసి బల్లపై పెట్టి, "వదినా, సంక్రాంతిదాకా రెండూ మీ దగ్గరే ఉంచండి. నచ్చినది సగం ధరకు మీరు తీసుకోండి, రెండోది నేను అమ్మేస్తాను" అనెను. సగము ధరయైనను నాకది తేలిక సొమ్ము కాదు. సాయంకాలములందు బాలికలకు పద్యపాఠములు చెప్పి కూడబెట్టిన డబ్బది. మా యత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. పెండ్లినాటి పటము తప్ప ఆమె ముఖము తేటగా కానవచ్చు పటము మా యింట మఱియొకటి లేదు. ఆమె పటము తీయవలయునను కోరిక నా మనస్సున మొదటినుండియు నుండుటచేతనే ఈ బేరమునకు ఒప్పుకొంటిని.

కెమెరాతోపాటు వచ్చు జూము కటకము మీలో పలువురెఱిగినదే. దానిని త్రిప్పినచో దూరపువస్తువు దగ్గఱగును, దగ్గఱవస్తువు దూరమగును. ఈ రెండును అట్టివి కావు. వీని నాభ్యంతరము మాఱదు. ఒకదానికి 35 మిల్లీమీటర్లు, రెండవదానికి 50. దగ్గఱచేయుట, దూరముచేయుట అను పనిని మన కాళ్లే చేయవలయును. మఱి వీనివలని లాభమేమనగా, వెలుగు. జూము కటకమును పొడవునకు త్రిప్పినపుడు దాని కన్ను ఎఫ్ 5.6 కంటె పెద్దగా తెఱువదు. ఈ రెండును ఎఫ్ 1.8 వఱకు తెఱచును. లెక్క కట్టినచో వచ్చు వెలుగు తొమ్మిది రెట్లకు పైమాట. దీపపు వెలుతురున, వంటయింటి మూలను, తెల్లవాఱుజామున పటము తీయగోరు గృహిణికి ఈ తొమ్మిది రెట్లును తొమ్మిది నిధులే.

మా కెమెరా సెన్సారు చిన్నది. అడ్డముగా 23.5 మిల్లీమీటర్లు. అందుచేత 35 కటకము దీనిపై పాత ఫిల్ము కెమెరాలోని 50 వలెను, 50 కటకము 75 వలెను చూచును. చూపు వెడల్పు కోణములలో చెప్పవలెనన్న మొదటిది 44 డిగ్రీలు, రెండవది 31న్నర. ఈ లెక్కలు ఎన్ని చదివినను నాకు ముందు మనస్సున నాటలేదు. ఒకనాటి మధ్యాహ్నము కొలటేపు పట్టుకొని ఇంట కొలిచిన పిమ్మటనే తెలిసినది. అయిదడుగుల అయిదంగుళముల మనిషిని తలనుండి పాదములవఱకు, పైనను క్రిందను కొంచెము చోటు విడిచి, కెమెరాను నిలువుగా పట్టి తీయవలెనన్న, 35తో తొమ్మిదడుగులకు పైచిలుకు వెనుకకు పోవలయును. 50తోనన్న పదుమూడడుగులకు పైచిలుకు. మా నడుమగది గోడనుండి గోడకు పదియడుగులు! అనగా రెండవ కటకముతో నిలువెత్తు పటము తీయుటకు గోడ పగులగొట్టుకొని పెరటిలోనికి పోవలయునన్నమాట.

మా నాన్నగారు నాకు ప్రబంధములు చెప్పునపుడు, కవి ముందుగా పురమును వర్ణించి, కోటలు, అగడ్తలు, తోటలు చూపి, పిదప నాయికను వర్ణించునని చెప్పెడివారు. 35 కటకము పురవర్ణనమునకును, 50 కటకము నాయికావర్ణనమునకును తగినవని నాకు తోచినది. ఏది గొప్పయను వాదము ప్రబంధములకును లేదు. కాని నా కొంగున నున్న డబ్బు ఒక్క కటకమునకే చాలును.

మొదట ఏటికొప్పాకకు పోయితిమి. వరాహనది యొడ్డున నున్న ఈ యూరి లక్కబొమ్మలు మీ యిండ్లలో బొమ్మల కొలువునందు ఉండియే యుండును. 2017లో వీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. సహజవర్ణములతో ఈ పనిని నిలిపినందులకు ఇచటి శ్రీ సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము వచ్చినది. అంకుడుకఱ్ఱను తరిణెపై బిగించి త్రిప్పుచు ఉలితో చెక్కుదురు. పిదప రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న కఱ్ఱకు ఆనించి పట్టుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి తనంతట కఱ్ఱకు పట్టును. ఆ మీద మొగలియాకుతో అదిమినచో అద్దమువలె మెఱయును. కుంచె పెట్టు పనియే లేదు. చూచుచుండగా తెల్లని కఱ్ఱ పసుపుగా, పసుపుమీద ఎఱ్ఱని గీఱగా మాఱుట చూచి మా చిన్నది చప్పట్లు కొట్టినది.

అచట నొక పనివాని కొట్టులో తీసితిని. వెలుతురు ఒక కిటికీనుండి మాత్రమే వచ్చుచున్నది. బొమ్మ నొక్కదానిని దగ్గఱగా తీయుటకు రెండు కటకములును ఇంచుమించు సమానమే యని యచట తెలిసినది. 35 అడుగు దూరమువఱకు దగ్గఱకు పోనిచ్చును. 50 అడుగున్నర దగ్గఱనే ఆగును. అయినను పటములో బొమ్మ ఒకే యంత వచ్చును. తేడా ఎచటనన్న, ఆ అఱయడుగు ఎడమువలన 50తో తీయునపుడు నా నీడ బొమ్మపై పడలేదు. పనివానిని, తరిణెను, కిటికీని, గోడకు వ్రేలాడు పనిముట్లను ఒకే పటములో చేర్చుటకు మాత్రము 35 వలన తప్ప సాధ్యపడలేదు. ఆ కొట్టును 50తో తీసిన పటములలో చేతులు కలవు, ఉలి కలదు, ఊరు లేదు.

కృష్ణదేవుపేటకు పోయిన దినమున నేనెక్కువ పటములు తీయలేదు. అల్లూరి సీతారామరాజుగారి సమాధి యచట నున్నది. గూడెము ప్రాంతమున దారిపనులకు కొండజనులను చాలీచాలని కూలికి బలవంతముగా దింపుటయు, అడవి చట్టములతో పోడు సాగునకు అడ్డు తగులుటయు ఆ తిరుగుబాటునకు కారణములలో ముఖ్యములు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవుపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై వరుసగా దాడి జరిగినది. 1924 మే 7న ఆయన ప్రాణములు తీసిరి. ఆయన తండ్రి వెంకటరామరాజుగారు వృత్తిచేత ఫొటోగ్రాఫరని మా వారు చెప్పగా నాకు క్రొత్తగా తోచినది. తండ్రి చిన్ననాడే గతించెను. సమాధియెదుట నిలిచినపుడు చేతిలోని కెమెరా ఒకింత బరువెక్కినట్లనిపించినది. చెట్టు, మెట్లు, ఆకాశము చేర్చి 35తో ఒక్క పటము తీసి వచ్చివేసితిని.

లంబసింగి సంగతి వేఱు. సముద్రమట్టమునకు ఇంచుమించు వెయ్యి మీటర్ల ఎత్తున నున్నందున పుష్యమాసమున నచట చలి మైదానపు మనుష్యుల యెముకలలోనికి దూఱును. తెల్లవాఱక ముందే మా యూరినుండి బయలుదేఱి ఘాటు ఎక్కితిమి. చెరువులవేనము గుట్టమీదినుండి చూచినచో క్రింది లోయ మంచుతో నిండి, కొండకొనలు మాత్రము దీవులవలె తేలుచుండెను. వలిసెపూలు అప్పటికి ముగింపునకు వచ్చినను అచటచట పసుపుచాలులు మిగిలియున్నవి. అందఱును వెడల్పు కటకముతో లోయనంతయు పట్టజూచుచుండిరి. ఇచట నేను 50 పక్షమునకు తిరిగితిని. మంచు వెడల్పుగా తీసినచో బూడిదరంగు గుడ్డవలె నుండును. దానిలోనుండి ఒక సిల్వరోకు చెట్ల వరుసను, వానికి ప్రాకిన మిరియపు తీగెలను, వెనుక కొండను మాత్రము ఏఱి తీసినపుడే మంచు మంచువలె కానవచ్చినది.

కెమెరా కల సోదరీమణులకు ఇచటనే ఒక హితవు. అంతసేపు చలిలో నుండి, టీకొట్టులోని పొయ్యిదగ్గఱకు రాగానే కటకముపై చెమ్మ పట్టును. చల్లని చెంబుపై నీరూరినట్లే. దానిని కొంగుతో తుడువరాదు. లోపలికి రాకముందే సంచిలో పెట్టి మూసి, సంచి వేడెక్కిన పిమ్మటనే తీయవలయును. మా ప్రాంతపు వానకాలమున కటకములోపల బూజు పట్టుట కద్దు. తోలుసంచిలో దాచక, గాలి చొఱని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచుట మేలు. మందుసీసాలతో వచ్చు చిన్న పొట్లములను నేను పాఱవేయక కూడబెట్టుదును.

దిగి వచ్చునపుడు దారిలో ఒక సంత కనబడగా ఆగితిమి. ఈ రెండు కటకముల తేడా నాకు నిక్కముగా తెలిసినది అచటనే. చీపుళ్లు, చిక్కుడుగింజలు, అల్లము ముందు పెట్టుకొని కొండస్త్రీలు వరుసగా కూర్చుండి యుండిరి. నగరమునుండి వచ్చిన పడుచువారు నలుగురైదుగురు రోడ్డుకు ఆవలినుండి పొడవాటి కటకములతో వారి ముక్కుకమ్ములను, ముఖముల ముడుతలను తీయుచు, తెరపై చూచుకొని నవ్వుకొనుచుండిరి. అడిగినవారు లేరు. ఒక ముసలామె కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని ప్రక్కకు తిరిగెను. అప్పుడు నా కెమెరాకున్నది 50. నేనును ఈవలి ప్రక్కనే నిలిచి యుంటిని. తీసియుండవచ్చును, ఆమెకు తెలియను కూడ తెలియదు. చేయి రాలేదు.

కటకము మార్చి 35 పెట్టుకొని దగ్గఱకు పోయితిని. ఆ కటకముతో ముఖము పటము నిండ రావలెనన్న మూడడుగుల దూరమునకు పోవలయును. మూడడుగుల దూరమున నిలిచినపుడు మాటాడకుండుట మనుష్యలక్షణము గాదు. ముందు చిక్కుడుగింజలు కొంటిని. ఇంటి సంగతులు ఆమె అడిగెను, నేను అడిగితిని. పిదప పటము తీయుదునా అని అడుగగా, "నా బొమ్మ తీసి ఏటి సేత్తావమ్మా?" అని నవ్వెను. మా యింట పెట్టుకొందును, మీకొకటి అచ్చు వేయించి తెత్తునని చెప్పగా, జుట్టు సవరించుకొని, మనుమరాలిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఇప్పుడు తియ్యి" అనెను. సరిగా మూడడుగుల దూరమునుండి ముఖమొక్కటే తీసినచో ముక్కు కొంత పెద్దదగుట నిజమే. ముఖములకు 50 మేలని చెప్పువారి మాటలో న్యాయమున్నది. కాని అది కటకము దోషము గాదు, దగ్గఱితనము దోషము. ఒకటి రెండడుగులు వెనుకకు జరిగి, మనుమరాలిని, చిక్కుడుగింజల రాశిని కూడ చేర్చి తీసితిని. ఆ పటము రెండు ప్రతులు వేయించి, మఱుసటి సంతకు పోవు మా పాలవాని చేతికిచ్చి పంపితిని, చేరినది.

స్త్రీకి కెమెరాయందు గల సౌలభ్యమిదియే యని నా తలంపు. మనము దగ్గఱకు పోయి అడిగినచో రెండవ స్త్రీ బెదరదు. ఈ సంగతిని మన హైదరాబాదు రాజా దీనదయాళుగారు నూఱేండ్లకు పైనాడే గ్రహించిరి. 1892లో ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా స్టూడియో నెలకొల్పి, పటములు తీయుటకు కెన్నీ-లెవిక్ అను దొరసానిని నియమించిరి. మన దేశమున పత్రికలకు పటములు తీసిన తొలి మహిళగా పేరొందిన హోమాయ్ వ్యారావాలాగారు (1913-2012) చీర కట్టుకొనియే కెమెరా మోయుచు పెద్దపెద్ద సభలలో తిరిగిరి. మనము సంతకైనను పోకుండుటేల?

ఇక మా యత్తగారి మాట. ఆమెకు కెమెరా గిట్టదు. దగ్గఱకు పోయినచో, "ఈ మొహంలో ఏముందని తీస్తావమ్మా, పో పని చూసుకో" అని కొంగు లాగుకొనును. అందువలన ఆమె విషయమున నా సంతపాఠమంతయు తలక్రిందులైనది. కార్తికమాసమున నొక ఉదయము వీధియరుగుమీద కూర్చుండి దీపములకు వత్తులు చేసికొనుచుండగా, నేను ముంగిట నందివర్ధనపు చెట్టుప్రక్కన తొమ్మిదడుగుల దూరమున నిలిచి 50తో తీసితిని. తల వంచి, పెదవి బిగించి, తొడమీద దూదిని వ్రేళ్లతో దొర్లించుచున్న రూపమది. వెనుక గోడమీది నీళ్లగొట్టము, కరెంటు మీటరు వెన్నవలె కరగిపోయినవి. కన్ను తెఱపు 35కు 19 మిల్లీమీటర్లైన 50కు 28. వెనుకభాగము కరగుట యందువలననే ఎక్కువ. ఆమెను అడుగక తీసితినే, సంతలో వలదన్న పని ఇంట చేయవచ్చునా యని మీరడుగవచ్చును. ఆ సాయంకాలమే పటమును ఆమెకు చూపి, ఉంచుమందువా, తీసివేయుమందువా యని అడిగితిని. చాలసేపు చూచి, "ఉండనీ" అనెను.

ఆ పటము చూచినవారందఱును 50నే ఉంచుమనిరి. మా మరిదియు ఫోనులో ఆ మాటయే చెప్పెను. రేపు పెద్ద సెన్సారు గల కెమెరా కొన్నచో ఈ 35 దానికి సరిగా పనికిరాదు, అంచులు నల్లబడును, 50 అయినచో దేనికైనను పనికివచ్చునని అతని వాదము. అది నిజమే. కాని ఉపాధ్యాయుని యింట పెద్ద సెన్సారు కెమెరా ఎన్నడు వచ్చునో ఆ జ్యోతిష్యము నాకు రాదు. మా వారు వేఱొక లెక్క చెప్పిరి. 35తో తీసిన పటము అంచులను కత్తిరించినచో 50తో తీసినంత చూపే వచ్చును. మా కెమెరా 24 మెగాపిక్సెళ్లది. కత్తిరింపగా ఇంచుమించు 12 మిగులును. గోడకు తగిలించు పటమునకు అది చాలును. వెనుకభాగపు కరగుదల మాత్రము కొంత తగ్గును. 50తో తీసినదానికి లేని అంచులను ఎచటినుండి తెచ్చి అతికింతుమని ఆయన అడిగిరి. లెక్కల మాస్టారికి లెక్కలలో ఎదురు చెప్పుట కష్టము.

అయినను ఆ లెక్కలతో నాకు తేలలేదు. మార్గశిరము సగమైనప్పటినుండి అత్తగారు అరుగుమీదికి వచ్చుట మానినారు. మోకాళ్లు పట్టివేసినవి, గడప దాటుట కష్టమైనది. నడుమగదిలో కిటికీప్రక్కన మంచము వేసితిమి. ఇక నామె తిరుగు లోకమంతయు ఆ గదియే. మంచము, బీరువా, బియ్యపుడబ్బాలు పోగా నేను నిలుచుటకు మిగిలిన దూరము ఆఱడుగులు. మరల టేపు తీసితిని. ఆఱడుగులనుండి 50తో చూచినచో ఆమె ముఖము, భుజములు వచ్చును. 35తో చూచినచో ఆమె, మంచముమీది చింకిబొంత, వత్తులబుట్ట, ఒడిలో తల పెట్టుకొని కథ వినుచున్న మా చిన్నది, కిటికీచువ్వలమీదినుండి పడు ఎండచాళ్లు అన్నియు వచ్చును. రాత్రి దీపపు వెలుతురున చేయి వణకకుండ తీయుటకును 35యే కొంత నయము. 50తో సెకనులో ఎనుబదవ వంతులో తీయవలసినదానిని దీనితో ఏబదవ వంతులో తీయవచ్చును.

ముక్కనుమనాడు 50ని పాతచీర ముక్కలో చుట్టి మా మరిది సంచిలో పెట్టి, డబ్బు లెక్కించి ఇచ్చితిని. వత్తుల పటమును తునిలో అచ్చు వేయించి చట్రము కట్టించితిమి. అత్తగారు దానిని తన మంచమెదుట గోడకు తగిలింపుమనినారు. చూడవచ్చినవారితో, "బుట్ట బాగా పడింది, నేనే కొంచెం వంగాను" అని చెప్పుచున్నారు.